రాత్రి పన్నెండున్నరకి మోకుల బాట

హోస్ట్: నమస్తే. ఈ ఎపిసోడ్‌ని సినిమా పేరుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే తర్జుమాలో మొదటి తప్పు అక్కడే దొర్లుతుంది. "ఔఫ్ డెర్ రేపర్‌బాన్ నాఖ్ట్స్ ఉమ్ హాల్బ్ ఐన్స్." 1954లో పశ్చిమ జర్మనీలో వచ్చిన పాటల సినిమా. హాల్బ్ అంటే సగం, ఐన్స్ అంటే ఒకటి. రెండూ కలిపి ఒంటిగంటన్నర అనేస్తారు. కాదు. మనం గడిచిన గంట మీద అరగంట కలుపుతాం. జర్మన్లు రాబోయే గంటలో సగం అయింది అంటారు. అంటే పన్నెండున్నర. రేపర్‌బాన్ అంటే జర్మన్ ఓడరేవు హాంబుర్గ్‌లో ఒక వీధి. రేపర్‌బాన్ మీద, రాత్రి పన్నెండున్నరకి. మాస్టారూ, నమస్కారం.

మాస్టారు: నమస్కారం అమ్మా. ఆ పేరు సినిమా కోసం పుట్టింది కాదు. అది పాట పేరు. రాల్ఫ్ ఆర్థర్ రాబర్ట్స్ అనే నటుడు 1912లో ఒక రంగస్థల ప్రదర్శన కోసం కట్టిన పాట. సినిమా వచ్చేనాటికి పాట వయసు 42 ఏళ్లు. రాబర్ట్స్ 1940లోనే చనిపోయాడు. అప్పటికే జనం నోళ్లలో నానిన పాట కాబట్టి, పోస్టర్ మీద ఆ పేరు చూస్తే చాలు, లోపల ఏముంటుందో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఓడరేవు, నావికులు, అకార్డియన్, మందు, రాత్రి.

హోస్ట్: కథ కొంచెం చెప్పండి. ముగింపు వద్దు.

మాస్టారు: ముగింపు చెప్పను. హన్నెస్ వెడ్డెర్‌కాంప్ అనే నావికుడు చాలా ఏళ్ల తర్వాత హాంబుర్గ్‌కి తిరిగొస్తాడు. ఆ పాత్ర హన్స్ ఆల్బర్స్. అతని పాత స్నేహితుడు పిట్టెస్ బ్రాయర్, అంటే హైన్స్ ర్యూమన్, రేపర్‌బాన్ ఉన్న సాంక్ట్ పౌలి పేటలో హిప్పోడ్రోమ్ అనే వినోదశాల నడుపుతుంటాడు. వ్యాపారం మునిగిపోయే స్థితిలో ఉంటుంది. పిట్టెస్ కూతురిగా పెంచుతున్న అమ్మాయి నిజానికి హన్నెస్ కూతురు, ఆ సంగతి ఆ పిల్లకి తెలియదు. ఈ రెండు ముడుల మీదే కథంతా నడుస్తుంది. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ లీబెనైనర్. ఆల్బర్స్ 1891లో పుట్టాడు, అంటే అప్పటికి 63. ర్యూమన్‌కి 52. ఇద్దరూ 1931లో ఒకసారి, 1937లో ఒకసారి కలిసి నటించినవాళ్లు. మధ్యలో పదిహేడేళ్లు, ఒక యుద్ధం. థియేటర్‌కి వచ్చిన జనంలో చాలామంది ఆ జంట మళ్లీ కలవడం చూడటానికే వచ్చి ఉంటారు. కథలోనూ ఇద్దరు పాత స్నేహితులు మళ్లీ కలుస్తారు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి కాబట్టే సినిమా నిలబడింది. మిగతా ప్రేమకథ మామూలుదే.

హోస్ట్: చాలామంది ఈ సినిమాని దీనికి ముందు 1944లో వచ్చిన "గ్రోసె ఫ్రైహైట్ నంబర్ 7"తో కలిపేస్తారు. కలిపేయడానికి కారణాలూ ఉన్నాయి. రెంటిలోనూ ఆల్బర్స్ పాత్ర పేరు హన్నెస్. రెంటిలోనూ హిప్పోడ్రోమ్ ఉంది. గుస్తావ్ క్నూట్ అనే నటుడు రెంటిలోనూ ఉన్నాడు. పైగా 1954 సినిమాకి పేరు పెట్టిన పాటని ఆల్బర్స్ మొదటి సినిమాలోనే పాడేశాడు. ఏ ముక్క ఎందులోదో గుర్తుపట్టాలంటే ఎలా?

మాస్టారు: ర్యూమన్ కనపడితే 1954ది. నటి ఇల్సె వెర్నర్ కనపడితే మొదటిది. క్నూట్ నావికుల గుంపులో ఒకడిగా, ఫీటె అనే పేరుతో తిరుగుతుంటే మొదటిది. రెండోదాంట్లో అతను బ్రాండ్‌ష్టెట్టర్ అనే పెద్దమనిషి. మొదటిదాని కథ కూడా వేరు. హన్నెస్ క్రోగర్ సముద్రం వదిలేసి హిప్పోడ్రోమ్‌లో పాటలు పాడుకుంటూ బతుకుతుంటాడు. చనిపోతున్న తమ్ముడు ఒక అమ్మాయిని అప్పగిస్తాడు. ఆ అమ్మాయిని ఇతను ప్రేమిస్తాడు, ఆమె ఓడల కర్మాగారంలో పనిచేసే కుర్రాణ్ని ప్రేమిస్తుంది. దర్శకుడు హెల్ముట్ కాయిట్నర్. నా లెక్కలో సినిమాగా అదే గొప్పది. 1954ది దాని నీడలో కూర్చున్న సినిమా. కానీ ఆ నీడ ఎక్కణ్నుంచి పడుతోందో తెలియాలంటే ముందు ఆ వీధులు తెలియాలి.

హోస్ట్: వీధుల సంగతి నేను చెప్తాను. రేప్ అంటే ఓడల మీద వాడే మోకు. బాన్ అంటే బాట. రేపర్‌బాన్ అంటే మోకులు పేనేవాళ్ల బాట. పదిహేడో శతాబ్దంలో హాంబుర్గ్ కోట గోడ బయట, ఓడలకి మోకులు పేనేవాళ్లు అక్కడ చేరారు. ఊళ్లో ఎందుకు కాదంటే, మోకు పేనాలంటే పొడవాటి తిన్నని నేల కావాలి. నార పోగులు ఒకవైపు పురి పెట్టి పాయలు చేస్తారు. మూడు పాయల్ని ఎదురు పురిలో కలిపితే మోకు. రెండు పురులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి మోకు విడిపోదు. రెండూ ఒకే వైపు తిప్పితే చేతిలోంచి వదలగానే గిర్రున విప్పుకుంటుంది. పేనేకొద్దీ పొడవు తగ్గుతుంది, ఇంచుమించు మూడో వంతు పోతుంది. 200 మీటర్ల మోకు కావాలంటే 300 మీటర్ల పోగు సాగదీయాలి. మధ్యలో అతుకు పెడితే లంగరు లాగేటప్పుడు తెగేది ఆ అతుకు దగ్గరే. అందుకే అంత పొడవు ఒకే వరుసలో కావాలి. ఇప్పటి రేపర్‌బాన్ వీధి పొడవు సుమారు 930 మీటర్లు, బాణంలా ఉంటుంది. ఆ తిన్నదనం మోకులవాళ్లు ఇచ్చిపోయిందే.

మాస్టారు: మరి మోకుల బాట రాత్రి వినోదాల వీధి ఎలా అయింది?

హోస్ట్: గోడ వల్ల. హాంబుర్గ్ కోట తలుపులు రాత్రి మూసేసేవాళ్లు, ఆ పద్ధతి 1860 ఆఖరు దాకా నడిచింది. ఊళ్లో పెద్దమనుషులకి అక్కర్లేనివన్నీ గోడ బయటికి తోశారు. బొమ్మలాటలు, దొమ్మరాటలు, సారా కొట్లు, వేశ్యావాటికలు. కిందకి దిగితే నది, ఓడలు. పడమటి కొసన ఆల్టోనా అనే వేరే ఊరు, అది అప్పట్లో డెన్మార్క్ రాజు పాలనలో ఉండేది. గ్రోసె ఫ్రైహైట్ వీధి ఆ ఆల్టోనాది. ఆ పేరుకి అర్థం పెద్ద స్వేచ్ఛ. ఇప్పుడు ఆ పేరు వినగానే అందరికీ తట్టే అర్థం వేరు, అసలు అర్థం వేరు. అక్కడి ప్రభువు కాథలిక్కులకీ, మెన్నోనైట్లు అనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్లకీ తమ పూజలు తాము చేసుకునే స్వేచ్ఛ, వృత్తిసంఘంలో లేని పనివాళ్లకి పని చేసుకునే స్వేచ్ఛ ఇచ్చాడు. హాంబుర్గ్‌లో ఆ రెండూ దొరికేవి కావు. ఇప్పటికీ ఆ వీధిలో నియాన్ దీపాల మధ్య సెయింట్ జోసెఫ్ చర్చి ఉంది. ఆల్టోనా 1938లోగానీ హాంబుర్గ్‌లో కలవలేదు.

మాస్టారు: ఆ పేరే నాజీ ప్రభుత్వానికి కంటగింపైంది. "గ్రోసె ఫ్రైహైట్" అని మాత్రమే ఉంటే, 1944లో గోడల మీద "పెద్ద స్వేచ్ఛ" అని పోస్టర్లు వేసినట్టవుతుంది. నంబర్ 7 తగిలించాక అది ఇంటి అడ్రసైంది.

హోస్ట్: హిప్పోడ్రోమ్ అంటే ఏంటో కూడా చెప్పుకోవాలి. పేరు వినగానే గుర్రప్పందేలు అనుకుంటారు.

మాస్టారు: పందేలు కావు. అదొక పెద్ద హాలు. మధ్యలో ఇసుకో రంపపు పొట్టో పరిచిన గుండ్రటి బరి. చుట్టూ బల్లలు, బీరు, ఒక పక్క వాద్యబృందం. కస్టమరు డబ్బిచ్చి గుర్రమో గాడిదో ఎక్కి, బ్యాండు వాయిస్తున్నంతసేపు బరిలో తిరుగుతాడు. మిగతావాళ్లు తాగుతూ చూస్తుంటారు. ఆదాయం బీరు మీద, ఖర్చు గుర్రాల మీద. దాణా, లాడాలు, లద్దె ఎత్తేవాళ్ల కూలి ఆదివారం లేకుండా నడుస్తాయి. కస్టమర్లు రాకపోయినా గుర్రం తినడం మానదు. 1954 సినిమాలో పిట్టెస్ ఎందుకు మునుగుతున్నాడో ఎవరూ లెక్కలేసి చెప్పనక్కర్లేదు. డాన్సు హాలు ఖాళీగా ఉంటే దీపాలు ఆర్పేస్తే సరి. హిప్పోడ్రోమ్ ఖాళీగా ఉంటే మేత వేయాల్సిందే.

హోస్ట్: ఇప్పుడు 1943కి వెళ్దాం. ఆ షూటింగే అసలు విషయం.

మాస్టారు: కాయిట్నర్ 1943లో ఆ సినిమా తీస్తున్నాడు. ఆ ఏడాది జులై చివర్లో బ్రిటిష్, అమెరికన్ విమానాలు హాంబుర్గ్ మీద పదిరోజుల పాటు బాంబులు వేశాయి. 30 వేల మందికి పైగా చనిపోయారు. అదే ఊరి మీద పాటల సినిమా. బెర్లిన్ స్టూడియోలకీ బాంబుల బెడద ఉండటంతో పని ప్రాగ్‌లోని బారండోవ్‌ స్టూడియోకి మారింది. తెర మీద మనకి కనపడే వీధిలో, హాల్లో ఎక్కువ భాగం సెట్టే. హాంబుర్గ్ రేవులో తీసిన షాట్లలో యుద్ధం జాడలు కనపడకుండా కృత్రిమ పొగమంచు వదిలారని చెబుతారు. చూసేటప్పుడు గమనించండి, రేవు దృశ్యాల్లో దూరం ఎప్పుడూ మసకే. యుద్ధం నడుస్తుండగా తీసిన సినిమాలో యుద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

హోస్ట్: రంగుల సంగతి?

మాస్టారు: అగ్ఫాకలర్. ఛాయాగ్రాహకుడు వెర్నర్ క్రీన్. అమెరికన్ల టెక్నికలర్‌కి ప్రత్యేకమైన పెద్ద కెమెరా కావాలి. లోపల పట్టకంతో వెలుతురుని చీల్చి మూడు నెగటివ్‌ల మీద పడేస్తుంది. అగ్ఫాలో ఒకటే ఫిల్ము. దాని మీదే మూడు పొరలు, నీలానికొకటి, ఆకుపచ్చకొకటి, ఎరుపుకొకటి. రంగుగా మారే పదార్థం ముందే పొరలో ఉంటుంది, డెవలప్ చేసేటప్పుడు రంగు తేలుతుంది. మామూలు కెమెరాలోనే వేసుకోవచ్చు. బాధ ఎక్కడంటే, ఆ ఫిల్ముకి వెలుతురు చాలా ఎక్కువ కావాలి. రాత్రి పన్నెండున్నర దృశ్యం తీయాలంటే పగలు కంటే ఎక్కువ దీపాలు వెలిగించాలి. సెట్టు కొలిమిలా కాగుతుంది, మేకప్ కరుగుతుంది, నటుడి నుదురు మెరుస్తుంది. నలుపు మొత్తం ఒకే ముద్దగా పోతుంది కాబట్టి చీకటి మూలల్లో కూడా ఒక చిన్న దీపమో రంగు గాజో పెట్టాలి. ఆ సినిమాలో చీకటి ఖాళీగా ఉండదు, ఎక్కడో ఒక ఎర్ర చుక్కో పచ్చ చుక్కో ఉంటుంది. కంటికి అందంగా అనిపించేది సగం అవసరం కొద్దీ పెట్టిందే.

హోస్ట్: ఇక్కడ మన తెలుగు సినిమాకి ఒక దారం ఉంది.

మాస్టారు: ఉంది. యుద్ధం ఓడిపోయాక అగ్ఫా పేటెంట్లకి రక్షణ పోయింది, పద్ధతి బయటపడింది. అగ్ఫా ఫిల్ము తయారయ్యే వోల్ఫెన్ ఫ్యాక్టరీ సోవియట్ల చేతికి వెళ్లింది, వాళ్ల సోవ్‌కలర్ అందులోంచి వచ్చింది. బెల్జియంలో గేవర్ట్ కంపెనీ అదే బాటలో గేవాకలర్ చేసింది. మన "లవకుశ", 1963లో వచ్చిన మొదటి పూర్తి నిడివి తెలుగు రంగుల సినిమా, ఆ గేవాకలర్‌లో తీసిందే. అంటే ఆల్బర్స్ మొహం మీద పడిన రంగూ, అంజలీదేవి చీర మీద పడిన రంగూ ఒకే రసాయన వంశం.

హోస్ట్: ఆ మొదటి సినిమా మీద పడిన నిషేధం గురించి రెండు ముక్కలు చెప్పి పాటల్లోకి వెళ్దాం.

మాస్టారు: నౌకాదళాధిపతి డోనిట్స్‌కి తాగి తూలే జర్మన్ నావికుడు నచ్చలేదు. 1944 డిసెంబర్‌లో జర్మనీలో ఆపేశారు. అదే నెల 15న ప్రాగ్‌లో మొదటి ప్రదర్శన వేశారు. బెర్లిన్‌లో ఆడింది 1945 సెప్టెంబర్‌లో, నాజీలు పోయాక. యుద్ధంలో తీసినా జర్మన్ జనానికి అది యుద్ధం తర్వాతి సినిమా. శిథిలాల మధ్య కూర్చుని చెక్కుచెదరని సాంక్ట్ పౌలిని చూశారు. పదేళ్ల తర్వాత 1954 సినిమా అమ్మిందీ ఆ చెక్కుచెదరని ఊరినే.

హోస్ట్: పాటలు. మొదటి సినిమాలో ఆల్బర్స్ పాడిన "లా పలోమా" బాణీ స్పెయిన్ దేశపు సెబాస్టియన్ ఇరాడియెర్‌ది, పంతొమ్మిదో శతాబ్దంది. సినిమాకి జర్మన్ మాటలు కాయిట్నర్ రాశాడు. ఆ నడకని హబనేరా అంటారు. మనవాళ్లు చప్పట్లతో పట్టుకోవచ్చు. ఎనిమిది అక్షరాలు తీసుకోండి. తకిట, త, తక, తక. మూడు, ఒకటి, రెండు, రెండు. ప్రతి ముక్క మొదట్లో ఒక చప్పట. తకిట త తక తక. ఆ మూడో అక్షరం దగ్గర కాస్త ఆగినట్టుండి, ఒంటి "త" తోసినట్టు వస్తుంది చూడండి, పడవ అల మీంచి దిగినట్టుండేది దానివల్లే. చాలామంది చేసే తప్పు, ఆ మూడూ ఒకటీ అన్నదాన్ని రెండూ రెండూ చేసేయడం. అప్పుడు అది కవాతు అయిపోతుంది.

మాస్టారు: రేపర్‌బాన్ పాట అలా కాదు కదా.

హోస్ట్: కాదు. దాని పల్లవి తిశ్రంలో ఊగుతుంది, వాల్ట్‌జ్. పక్కపక్కన కూర్చున్నవాళ్లు చేతుల్లో చేతులు మెలేసి కుడికీ ఎడమకీ ఊగుతారు, దాన్ని షుంకెల్న్ అంటారు. బల్ల చుట్టూ అందరూ ఒకేసారి ఊగాలంటే వేగం ఎక్కువ ఉండకూడదు, బీరు ఒలుకుతుంది. పాట వేగాన్ని నిర్ణయించేది గ్లాసు. రికార్డు కోసం పాడినప్పుడు కొందరు పరుగెత్తిస్తారు, అప్పుడు ఊగడం కుదరదు, వినడం మాత్రమే కుదురుతుంది.

మాస్టారు: ఆల్బర్స్ గొంతు గురించి చెప్పమ్మా. సంగీతం నేర్చిన గొంతు కాదు అది.

హోస్ట్: కాదు. సగం మాట, సగం పాట. చరణం దాదాపు మాట్లాడేస్తాడు, పదం చివర మాత్రం స్వరాన్ని పట్టుకుంటాడు. తాళానికి కొంచెం వెనకగా వస్తాడు, కానీ పల్లవి మొదటి మాటకి ఎప్పుడూ సరిగ్గా చేరతాడు. వాద్యబృందం ఆగి అతని కోసం చూడదు, అతనే వచ్చి కలుస్తాడు. ఇంకొకటి హాంబుర్గ్ యాస. మిగతా జర్మన్లు "ష్ట", "ష్ప" అనేచోట అక్కడివాళ్లు పదునుగా "స్ట", "స్ప" అంటారు. అతను నావికుడు కాదు, హాంబుర్గ్‌లో సాంక్ట్ గేయోర్గ్ పేటలో మాంసం కొట్టు నడిపే ఇంట పుట్టాడు. ఆ యాస మాత్రం ఇంట్లోదే.

మాస్టారు: ఇక అకార్డియన్. జర్మన్‌లో దానికి షిఫర్‌క్లావీర్ అని ముద్దుపేరు, నావికుడి పియానో. మన నాటకాల హార్మోనియం పెట్టె లోపల ఏముందో దీంట్లోనూ అదే ఉంది. గాలి తగిలితే ఊగే లోహపు నాలుకలు. మనం రీడ్లు అంటాం. మన పెట్టె బల్ల మీద కూర్చుంటుంది, ఇది ఛాతీకి కట్టుకుంటారు. పెద్ద సైజువాటిలో కుడిచేతికి పియానో మెట్లు, ఎడమచేతికి 120 బొత్తాలు. ఆ తీపి వణుకు ఎక్కణ్నుంచి వస్తుందంటే, ఒకే స్వరానికి రెండు రీడ్లు పెట్టి ఒకదాన్ని కావాలని కాస్త తేడాగా శ్రుతి చేస్తారు. ఒకటి సెకనుకి 440 కంపనాలు, రెండోది 443 అనుకో. సెకనుకి మూడుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. తేడా ఒకటే అయితే నీరసంగా ఉంటుంది, ఎనిమిదో పదో అయితే శ్రుతి తప్పినట్టే ఉంటుంది.

హోస్ట్: ఓడ మీద అది ఎన్నాళ్లు బతుకుతుంది?

మాస్టారు: జాగ్రత్త లేకపోతే ఎన్నాళ్లో బతకదు. రీడ్లు ఉక్కువి, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఒక పిసరు తుప్పు పట్టినా బరువు, బిగువు మారి శ్రుతి మారుతుంది. రీడ్ల పలకల్ని చెక్కకి అతికించేది తేనెమైనం, రాళ్ల జిగురు, అంటే రోజిన్, కలిపిన ముద్ద. ఇంజను గది పక్కన వేడికి అది మెత్తబడితే పలక జరిగి, గాలి పక్కనుంచి పోతుంది. రీడ్ల మీది తోలు తమ్మెలు వంకరపోతే గుర్రుమని చప్పుడొస్తుంది. తిత్తి మడతల మూలల్లో చిరుగు పడితే ప్రతి చరణానికీ ఊపిరి చాలదు.

హోస్ట్: తెర మీద నటుడు నిజంగా వాయిస్తున్నాడో లేదో పట్టుకోవడం ఎలా?

మాస్టారు: కుడిచేతి వేళ్లు చూడొద్దు, అందరూ అవే చూస్తారు, నటుడూ అవే నేర్చుకుంటాడు. తిత్తి చూడాలి. పాట వాక్యం విరిగేచోట తిత్తి దిశ మారాలి. వాక్యం మధ్యలో దిశ మారితే నటన. శబ్దం పెద్దగా వస్తూ తిత్తి నాలుగు వేళ్లు కూడా తెరుచుకోకపోతే అదీ నటనే. ఇంకోటి, ఎడమ మణికట్టు పట్టీలో బిగుతుగా ఉండాలి. ఒదులుగా ఊగుతుంటే పెట్టె ఖాళీదే.

హోస్ట్: పాట తీసే పద్ధతి కూడా చెప్పండి. మనకి ప్లేబ్యాక్ అంటే తెర వెనక వేరే గొంతు. ఇక్కడ ఆల్బర్స్ తన పాట తనే పాడతాడు.

మాస్టారు: గొంతు అతనిదే, కానీ ఆ కాలపు స్టూడియో సినిమాల్లో పాటని ముందే రికార్డు చేసి, సెట్టు మీద లౌడ్‌స్పీకర్‌లో వినిపిస్తూ, నటుడు పెదవులు కలిపేవాడు. ప్లేబ్యాక్ అన్న మాటకి మొదటి అర్థం అది, సెట్టు మీద తిరిగి వాయించడం. తప్పులు రెండు చోట్ల వస్తాయి. టేపు సాగితే పాట మెల్లగా వెనకబడుతుంది, నిమిషం గడిచేసరికి పెదవులు అసలు పాటతో కలవవు. అందుకే ఫిల్ములాగే అంచున రంధ్రాలున్న టేపు వాడేవాళ్లు, పళ్ల చక్రం పట్టుకునేది కాబట్టి జారేది కాదు. రెండోది దూరం. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది. భాగిస్తే ఒక ఫ్రేముకి 14 మీటర్లు. స్టూడియో హాల్లో స్పీకరు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే ఏమీ కాదు. రేవులో దూరపు షాట్ పెట్టి, స్పీకరు కనపడకూడదని ముప్ఫై మీటర్లు వెనక్కి జరిపితే నటుడికి పాట రెండు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తుంది. పెదవులూ రెండు ఫ్రేములు ఆలస్యం. ఎడిటరు ఆ షాటుకి మాత్రం బొమ్మని రెండు ఫ్రేములు ముందుకు జరపాలి. మర్చిపోతే దగ్గర షాట్లన్నీ సరిగ్గా ఉండి, వెడల్పు షాటు ఒక్కటే ఎవరో డబ్బింగు చెప్పినట్టుంటుంది.

హోస్ట్: హాంబుర్గ్ రేవులో ఇంకో ఇబ్బంది కూడా. ఊరు సముద్రం ఒడ్డున లేదు, ఎల్బె నది మీద వంద కిలోమీటర్లు లోపలికి ఉంది. అయినా ఆటుపోట్లు ఊళ్లోకి వస్తాయి. సాంక్ట్ పౌలి లాండుంగ్స్‌బ్ర్యూకెన్ రేవు తేలే దిమ్మెల మీద కట్టింది అందుకే. నీటితో పాటు రేవూ లేస్తుంది, దిగుతుంది. పొద్దున తీసిన షాటులో గట్టు నుంచి దిమ్మె మీదకి దిగే వంతెన బాగా వాలుగా ఉంటే, మధ్యాహ్నం తీసిన షాటులో చదునుగా ఉంటుంది. రెండూ కలిపి ఒకే దృశ్యమంటే తేడా కనపడిపోతుంది. పోటు వేళల పట్టిక చూడకుండా అక్కడ షూటింగు పెట్టుకోకూడదు.

మాస్టారు: అమ్మా, లీబెనైనర్ గురించి చెప్పకుండా ఈ సినిమా వదలకూడదు.

హోస్ట్: చెప్పండి.

మాస్టారు: ఈ హాయైన సినిమా తీసినాయన 1941లో "ఇష్ క్లాగె ఆన్" అనే సినిమా తీశాడు. నయంకాని జబ్బుతో ఉన్న భార్యని డాక్టరు భర్త చంపడం సరైన పనే అని ప్రేక్షకుణ్ని ఒప్పించే కథ. ఆ సమయానికి నాజీ ప్రభుత్వం వికలాంగుల్ని, మానసిక రోగుల్ని చంపుతోంది. ఆ హత్యలకి జనం మనసు సిద్ధం చేయడానికి ఆ సినిమా పనికొచ్చింది. ఆయన యుద్ధం చివరి ఏళ్లలో ఊఫా స్టూడియోలో నిర్మాణ విభాగానికి పెద్ద. యుద్ధం అయ్యాక అదే మనిషి 1947 నవంబర్‌లో హాంబుర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ బోర్షెర్ట్ నాటకానికి మొదటి ప్రదర్శన చేయించాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చి ఏ గుమ్మం తెరుచుకోని సైనికుడి నాటకం అది. రచయిత ఆ ముందురోజే 26 ఏళ్లకి చనిపోయాడు. 1949లో లీబెనైనర్ దాన్నే సినిమా చేశాడు. ఐదేళ్లకి ఈ రేపర్‌బాన్. 1956లో "ట్రాప్ కుటుంబం", అమెరికన్ల సౌండ్ ఆఫ్ మ్యూజిక్‌కి ముందు మెట్టు. ఒకే చెయ్యి ఇవన్నీ తీసింది.

హోస్ట్: అది తెలిశాక సినిమా వేరేగా కనపడుతుంది. బోర్షెర్ట్ నాటకంలో ఎల్బె ఒడ్డుకి తిరిగొచ్చినవాడికి చోటు లేదు. ఈ సినిమాలోనూ ఒకడు ఎల్బె ఒడ్డుకే తిరిగొస్తాడు, కానీ ఇతనికి స్నేహితుడున్నాడు, హిప్పోడ్రోమ్ ఉంది, కూతురుంది. తిరిగొచ్చినవాడు సైనికుడు కాకుండా నావికుడు అయ్యాడు కాబట్టి ఎక్కడికి వెళ్లావు, ఏం చేశావు అని ఎవరూ అడగరు. 1954 ప్రేక్షకులకి కావలసింది ఆ అడగకపోవడమే అని నేను అనుకుంటాను.

మాస్టారు: అవును. ఆల్బర్స్ సొంత జీవితం కూడా ఆ ప్రశ్నకి దగ్గర్లోనే ఉంది. ఆయన జీవన సహచరి హన్సీ బుర్గ్ యూదు స్త్రీ. 1939లో దేశం దాటి బ్రిటన్ చేరింది, 1946లో తిరిగొచ్చింది. ఆయన జర్మనీలో సినిమాలు చేస్తూనే ఉన్నాడు.

హోస్ట్: ఈ తరహా సినిమాలు ఎంతకాలం నడిచాయి?

మాస్టారు: 1953లో కాయిట్నర్, ఆల్బర్స్ మళ్లీ కలిసి "కాప్టెన్ బై-బై" చేశారు, పాటలు నోర్బర్ట్ షుల్ట్సె. 1957లో ఆల్బర్స్‌తోనే "సాంక్ట్ పౌలి గుండె". 1963లో ఫ్రెడ్డీ క్విన్ "సాంక్ట్ పౌలి మీద బెంగ", అందులో హాలీవుడ్ నుంచి జేన్ మాన్స్‌ఫీల్డ్. 1969లో రేపర్‌బాన్ పేరుతోనే కుర్ట్ యూర్గెన్స్ పెట్టి మళ్లీ తీశారు. అప్పటికి సరుకు మారిపోయింది.

హోస్ట్: ఎందుకు మారిందో నాకు ఒక్క పదంలో కనపడుతుంది. హోయర్. నావికుడి జీతం. రేపర్‌బాన్ పాటలో గలగలలాడేది అదే. ఓడ దిగినప్పుడు నెలల జీతం చేతిలో పడేది. పాత సరకు ఓడ దింపుడంటే బస్తా బస్తా, పెట్టె పెట్టె, పీపా పీపా క్రేనుతో ఎత్తి, చేతులతో సర్దడం. రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. వాన పడితే గోతాల సరుకు ఆపేస్తారు, ఇంకో రోజు. అన్ని రాత్రులూ నావికుడికి జేబులో డబ్బు, చేతిలో తీరిక. అకార్డియన్లు, హిప్పోడ్రోములు, ఈ పాటలు బతికింది ఆ తీరిక మీద. 1968 మే 31న అమెరికన్ లాన్సర్ అనే కంటైనర్ ఓడ హాంబుర్గ్ బుర్‌ఖార్డ్‌కాయ్ రేవుకి వచ్చింది. పెట్టెల్లో సరుకు పెట్టెల్లోనే దిగుతుంది. వారాలు రోజులయ్యాయి, రోజులు గంటలయ్యాయి. రేవు కూడా ఊరికి అవతల గట్టుకి జరిగింది.

మాస్టారు: అంటే నావికుడు ఇప్పుడు రాత్రి పన్నెండున్నరకి ఓడ మీద డ్యూటీలో ఉంటాడు.

హోస్ట్: అంతకుముందే గ్రోసె ఫ్రైహైట్‌లో సంగీతం కూడా మారింది. ఆల్బర్స్ 1960 జులై 24న చనిపోయాడు. ఆగస్టు 17న లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ అదే వీధిలో 64వ నంబరు ఇంద్రా క్లబ్బులో మొదటిసారి వాయించారు. మధ్యలో నాలుగు వారాలు లేవు.

మాస్టారు: చూడాలనుకునేవాళ్లకి ఒక క్రమం చెప్తాను. ముందు 1944ది. దొరికితే రంగులు సరిచేసిన కాపీ చూడండి, పాత కాపీల్లో రంగు వెలిసి మొహాలు పాలిపోయి ఉంటాయి. టీవీలో బొమ్మ దాదాపు చతురస్రంగా, రెండు పక్కలా నల్లపట్టీలతో రావాలి. తెర నిండా వస్తోందంటే పైనా కిందా కోసేశారన్నమాట, టోపీలూ అకార్డియన్ కింది సగమూ పోతాయి. తర్వాత లీబెనైనర్ 1949 సినిమా. దాని తర్వాత 1954ది. ఆ వరుసలో చూస్తే, ర్యూమన్ గుమ్మం తలుపు తెరిచి ఆల్బర్స్‌ని లోపలికి పిలవడం చిన్న విషయంగా అనిపించదు.